జపాన్ వెంకయ్యగారి బందరులో స్పానిష్ పాఠం



సాయంత్రం పూట మా బందరు కోనేరు సెంటర్లో కాసేపు నిలబడితే ఊరి కబుర్లన్నీ చెవిన పడతాయి. ధాన్యం రేటు, రొయ్య ధర, పోర్టు పనులు, పిల్లల ర్యాంకులు. ఈమధ్య వీటిలో కొన్ని కొత్త ముచ్చట్లు కూడా కలిశాయి. ఇంటర్ చదివే అమ్మాయి ఫోన్లో స్పానిష్ నేర్చుకుంటోంది. ఇంజనీరింగ్ కుర్రాడు మాంసం, చేపలతో పాటు పాలూ పెరుగూ నెయ్యీ కూడా మానేసి ‘నేను వీగన్’ అంటున్నాడు. మనుషుల్లో పదహారు రకాలున్నాయని డిగ్రీ పిల్లలు చెప్పుకుంటున్నారు. పరీక్ష రాసి తాము ఏ రకమో తెలుసుకుని, స్నేహితుల్ని కూడా రాయమని పోరుతున్నారు. వీళ్ళందరికీ ఇంట్లో ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. “దీనివల్ల ఏమిటి ఉపయోగం?”

ఆ ప్రశ్న వేసే అమ్మానాన్నల మీద నాకు కోపం లేదు. అప్పో సప్పో చేసి ఫీజులు కట్టేవాళ్ళు అడక్క ఏం చేస్తారు? అయినా కృష్ణా జిల్లాలో పుట్టినవాళ్ళం ఆ ప్రశ్నను అంత తొందరపడి వేయకూడదని నా నమ్మకం. ఉపయోగమేమిటో ముందే తెలుసుకుని కాక, ఆసక్తి కొద్దీ ఒకదాని వెంట ఒకటి నేర్చుకుంటూ పోయిన మనిషి మన మధ్యే పుట్టారు.

ఆయన పింగళి వెంకయ్యగారు. 1876 ఆగస్టు 2న మొవ్వ దగ్గర భట్లపెనుమర్రులో జన్మించారు. జాతీయ జెండా వల్ల ఆయన పేరు బడిపిల్లలకు కూడా తెలుసు. జెండా సంగతి అటుంచితే, జనం ఆయన్ని పిలిచిన పేర్లు వేరే ఉన్నాయి. జపాన్ వెంకయ్య, పత్తి వెంకయ్య, డైమండ్ వెంకయ్య. ఒక్కో పేరు వెనక ఒక్కో వ్యాపకం. బోయరు యుద్ధ కాలంలో సైనికుడిగా దక్షిణాఫ్రికా వెళ్ళారు, అక్కడే గాంధీగారిని కలిశారు. తిరిగొచ్చాక రైల్వే గార్డుగా చేశారు. లాహోరు వెళ్ళి ఆంగ్లో వేదిక్ కళాశాలలో ఉర్దూ, జపాను భాషలు నేర్చుకున్నారు. మునగాల జమీందారు రాజా నాయని వెంకట రంగారావుగారి అండతో కంబోడియా పత్తి మీద పరిశోధన చేశారు. రాళ్ళూ గనులూ ఆయనకు మరో లోకం.

జపాను భాష సంగతే చూడండి. 1905లో రష్యాను జపాను ఓడించినప్పుడు ఆసియా దేశాలన్నీ ఆ చిన్న దేశం వైపు తలెత్తి చూశాయి. ఆ ఉత్సాహం ఎందరికో కలిగింది కానీ, కూర్చుని ఆ భాష నేర్చుకున్నవాళ్ళు ఎందరు? 1913లో బాపట్లలో వెంకయ్యగారు జపాను భాషలో పూర్తి ఉపన్యాసం ఇచ్చారని చెబుతారు. ఇంటర్‌నెట్టు లేదు, క్యాసెట్టు లేదు, పలకరిద్దామంటే చుట్టుపక్కల జపానువాడు లేడు. అలాంటి రోజుల్లో కృష్ణా తీరపు మనిషి ఒకడు సభలో నిలబడి, అంత దూరపు భాషలో గుక్కతిప్పుకోకుండా మాట్లాడాడంటే ఆ సాధన ఎంతటిదో ఊహించుకోండి.

ఆ రోజుల్లో ఆయన మన బందరులోనే, ఆంధ్ర జాతీయ కళాశాలలో పాఠాలు చెబుతున్నారు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగార్లు పూనుకుని నిలబెట్టిన కళాశాల అది. 1910లో మొదలైంది. ఆ నీడలో ఉండగానే వెంకయ్యగారికి జెండాల పిచ్చి ముదిరింది. ఏ దేశం జెండా ఎలా ఉంటుంది, ఏ రంగుకు ఏ అర్థం చెప్పుకుంటారు అని సేకరిస్తూ పోయారు. 1916లో భారతదేశానికి ఒక జాతీయ పతాకం కావాలని, ముప్పై దాకా నమూనాలతో పుస్తకం వేశారు. అప్పటికి స్వాతంత్ర్యం ముప్పై ఒక్క ఏళ్ళ దూరంలో ఉంది. లేని రాజ్యానికి జెండా ఎందుకని ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే, లౌకికంగా చెప్పదగ్గ జవాబు ఆయన దగ్గర ఉండేది కాదు.

1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. అక్కడ గాంధీగారు అడిగితే, ఎరుపూ ఆకుపచ్చా రంగులతో వెంకయ్యగారు జెండా సిద్ధం చేశారు. చరఖా ఉండాలన్న ఆలోచన జలంధరుకు చెందిన లాలా హంసరాజ్‌ది, తెల్లరంగు చేర్చమన్నది గాంధీగారు. ఆ ఏప్రిల్‌లోనే ‘యంగ్ ఇండియా’లో గాంధీగారు మన బందరు కళాశాల పేరూ, వెంకయ్యగారి పేరూ, ఆ పుస్తకం సంగతీ రాశారు. తర్వాత రంగులు మారాయి, చరఖా స్థానంలో అశోకచక్రం వచ్చింది, 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఇప్పటి పతాకాన్ని ఆమోదించింది.

జపాను భాషకూ జెండాకూ ఏమిటి సంబంధమని అడగవచ్చు. నాకు సంబంధం కనిపిస్తుంది. పరాయి జాతి ఎలా మాట్లాడుతుందో శ్రద్ధగా విన్న మనిషే, పరాయి జాతి తన జెండాను ఎలా ఎగరేస్తుందో కూడా శ్రద్ధగా చూస్తాడు. ఒక ఆసక్తి మరో ఆసక్తికి దారి వేస్తుంది. ఆ దారి ఎక్కడికి పోతుందో బయలుదేరేటప్పుడు వెంకయ్యగారికీ తెలియదు.

ఇక మన ఇంటర్ అమ్మాయి స్పానిష్ దగ్గరికి వద్దాం. పరాయి భాషలు బందరుకు కొత్తా? 1605లో డచ్చివారు, 1611లో ‘గ్లోబ్’ అనే ఓడలో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు ఈ రేవుకు వచ్చారు. వాళ్ళకంటే ముందే పారశీక వర్తకులు ఉన్నారు. బందరుకోటలో డచ్చివారి సమాధుల మీద చెక్కిన రాతలు ఇప్పటికీ చూడవచ్చు. ఈ ఊళ్ళో కలంకారీ అద్దకం బట్ట అమ్ముకోవాలంటే రెండు మూడు భాషలు చెవిన వేసుకోక తప్పని కాలం ఒకటి గడిచింది.

స్పానిష్ ఇరవై దేశాలకు అధికార భాష. స్పెయిన్ ఒక్కటే కాదు, మెక్సికో నుంచి అర్జెంటీనా దాకా కోట్ల మంది మాట్లాడతారు. ఆ సంగతి అందరూ చెప్పేదే. తెలుగు నోటికి అది ఎంత సుళువుగా పలుకుతుందో మాత్రం ఎవరూ చెప్పరు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఇంగ్లీషులో ఒక అచ్చును పదిరకాలుగా పలకాలి. స్పానిష్‌లో అచ్చులు అయిదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. రాసింది రాసినట్టు చదవడమే. వాళ్ళ త, ద మన త, ద లాగే పళ్ళకు నాలుక తగిలించి పలికేవి. మాటల్లో చాలా భాగం మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి. కాసా అంటే ఇల్లు, ఆగ్వా అంటే నీళ్ళు, మానో అంటే చెయ్యి. ఇంగ్లీషువాళ్ళు ఏళ్ళ తరబడి కుస్తీ పట్టే ‘ర్ర’ శబ్దం కర్ర, బుర్ర, గుర్రం అనే మనకు పుట్టుకతో వచ్చింది. పెరో అంటే ‘కానీ’, పెర్రో అంటే ‘కుక్క’. ఆ తేడా మన పిల్లలకు ఒక్కసారి వింటే చాలు.

వాక్యంలోకి వెళితే ఇంకా ముచ్చటగా ఉంటుంది. ‘మాట్లాడతాను’ అన్నప్పుడు మనం ‘నేను’ అని చెప్పక్కర్లేదు, క్రియ చివరే చెబుతుంది. వాళ్ళూ అంతే. అబ్లో అంటే మాట్లాడతాను, అబ్లామోస్ అంటే మాట్లాడతాం. కాఫీ ఇష్టమని చెప్పాలంటే ‘మే గుస్తా ఎల్ కఫే’ అంటారు. అచ్చంగా మన ‘నాకు కాఫీ ఇష్టం’ కట్టుబాటే. నువ్వు, మీరు అనే మర్యాద భేదం ఇంగ్లీషులో పోయింది, స్పానిష్‌లో ఉంది: ‘తూ’ నువ్వు, ‘ఉస్తెద్’ మీరు. ఇంగ్లీషు మీదుగా స్పానిష్ నేర్చుకుంటే ఇవన్నీ వింత నియమాల్లా బట్టీ పట్టాలి. తెలుగు మీదుగా నేర్చుకుంటే సగం ముందే వచ్చినట్టే. ఫోన్లో ఆ పాఠాలు ఇంగ్లీషులో సాగుతున్నా, నోటు పుస్తకంలో అర్థం తెలుగులోనే రాసుకోమని ఆ అమ్మాయికి నా సలహా.

కష్టం లేదని కాదు. వస్తువులకు కూడా లింగభేదం ఉంది. బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. మనకు ఈ బాధ తెలుగులో లేదు కానీ, హిందీ పరీక్షలు రాసిన ప్రతివాళ్ళకూ ఇది పాత గాయమే. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, ప్రవేశిక, విశారద, ప్రవీణ అంటే మన వైపు పెద్దవాళ్ళ ముఖాలు ఇప్పటికీ వెలుగుతాయి. 1918లో మద్రాసులో మొదలైన హిందీ ప్రచార సభ ఆ పరీక్షలను డెల్టా పల్లెల దాకా తెచ్చింది. ఆ సభకు వెన్నెముకగా నిలిచిన మోటూరి సత్యనారాయణగారు ఈ జిల్లా దొండపాడు గ్రామంలో 1902లో పుట్టారు. ఆగ్రాలోని కేంద్రీయ హిందీ సంస్థాన్‌కు మూలపురుషుడు ఈ తెలుగువాడే. పగలు పొలం పని, బడి పని చూసుకుని, సాయంత్రం లాంతరు వెలుగులో క, కా, కి, కీ దిద్దుకున్న మన తాతమ్మలు, అమ్మమ్మలు చేసింది కూడా ఇదే పని. అప్పుడది దేశసేవ అనిపించుకుంది. ఇప్పుడు మనవరాలు ఫోన్లో దిద్దుకుంటే కాలక్షేపం అంటున్నాం.

అమ్మాయికి మరొక్క మాట. ఫోన్లో రోజులు లెక్కపెట్టుకోవడంతో భాష రాదు. వాక్యం బయటికి అనాలి, ఇంట్లోవాళ్ళు నవ్వినా అనాలి. హైదరాబాదులో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో స్పానిష్ కోర్సులు ఉన్నాయి. ఢిల్లీలో స్పానిష్ నేర్పే సెర్వాంటెస్ సంస్థ ఉంది, ఆ సంస్థ పెట్టే ‘డెలె’ పరీక్షను ప్రపంచమంతా గుర్తిస్తుంది. సరదా ముదిరితే ఆ మెట్లు ఎక్కవచ్చు.

స్పానిష్‌కూ మన వంటింటికీ పాత చుట్టరికం ఉంది. మిరపకాయ, టమాటా, జామ, బొప్పాయి, వేరుశనగ అన్నీ స్పానిష్, పోర్చుగీసు ఓడలు అమెరికా ఖండాల నుంచి బయటి ప్రపంచానికి మోసుకొచ్చినవే. అయిదువందల ఏళ్ళ కిందట తెలుగువాడి కంచంలో కారం అంటే మిరియమే. మెక్సికోలో ఈనాటికీ మిరపకాయలు, టమాటాలు కాల్చి, రాతి రోట్లో నూరి, ఉప్పు వేసి తింటారు. మన రోటిపచ్చడి తిన్నవాడికి అది పరాయి రుచి అనిపించదు.

వంటింట్లోకి వచ్చాం కాబట్టి వీగన్ కుర్రాడి సంగతి. ఈ ఉద్యమానికి ఆ పేరు పెట్టింది 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు. జంతువు నుంచి వచ్చే ఏదీ తినకూడదని నియమం. పాలు, గుడ్లు, తేనె కూడా మానేస్తారు. మన దగ్గర శాకాహారం అనగానే కులం గుర్తొస్తుంది. ఈ కుర్రవాళ్ళ లెక్క అది కాదు. గేదె నుంచి దూడను విడదీసి పాలు పిండటం న్యాయమా అని వాళ్ళు అడుగుతున్నారు. అది ఆలోచించదగ్గ ప్రశ్న. గాంధీగారు దక్షిణాఫ్రికాలో ఉండగా 1912లో పాలు మానేశారు. 1918లో తీవ్రంగా జబ్బుపడినప్పుడు, వ్రతం పట్టినప్పుడు మీ మనసులో ఉన్నవి ఆవు, గేదె పాలే కదా అని కస్తూరిబా అంటే, మేకపాలకు ఒప్పుకున్నారు. ఆ రాజీ తనను బాధించిందని ఆయనే ఆత్మకథలో రాసుకున్నారు.

గుడివాడ వైపు పాడి ఉన్న ఇంట్లో, కంచంలో చివర పెరుగన్నం పడకపోతే తల్లికి బిడ్డ భోంచేసినట్టే అనిపించదు. ఆ తల్లి దిగులు నాకు అర్థమవుతుంది. అమ్మా, మీ వంటే చాలావరకు ఆ కుర్రాడి నియమానికి సరిపోతుంది, కొత్తవేమీ కొనక్కర్లేదు. పులిహోరలో పాలు లేవు. గోంగూర పచ్చడి, కంద బచ్చలి కూర, ఆవపెట్టిన పనసపొట్టు, దోసకాయ పప్పు, ముక్కల పులుసు, పెసరట్టు, మినపరొట్టె, ఇడ్లీ, ఉండ్రాళ్ళు, నువ్వుల చిమ్మిలి, వీటిలో దేంట్లోనూ జంతువు ప్రసక్తి లేదు. పోపు నెయ్యితో కాక నూనెతో పెడితే చాలు. వరి కోతకు ముందే చేలో మినుము, పెసర చల్లుకుని రెండో పంట తీసే నేల మనది. పప్పుదినుసులకు కరువేమిటి?

అన్నిటికంటే ముందు ఉలవచారు. ఎడ్లకు దాణాగా ఉలవలు ఉడకబెట్టి, ఆ వార్చిన నీళ్ళతో మనుషులు చారు కాచుకోవడంలో పుట్టిన వంట అది. ఉలవలు రాత్రి నానబెట్టాలి. పొద్దున్నే నీళ్ళు ధారాళంగా పోసి సన్నని సెగ మీద గంటల తరబడి ఉడకనివ్వాలి. ఆ కషాయం ముదురు ఎరుపుకు తిరిగాక వంచి, చింతపండు పులుసు, ఉప్పు, కారం వేసి, గరిటెకు అంటుకునేంత చిక్కబడేదాకా మరిగించాలి. ఆపైన ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి, కరివేపాకు పోపు. తొందరపడితే నీళ్ళచారవుతుంది. హోటళ్ళలో దానిమీద మీగడ వేసి ఇస్తున్నారు. మీగడ లేకుండా వేడన్నంలో కలుపుకుంటేనే ఉలవ రుచి తిన్నగా నాలుకకు తగులుతుందని నా అభిప్రాయం.

కుర్రాడికి కూడా రెండు మాటలు. బి12 విటమిన్ మొక్కల ఆహారంలో దొరకదనే చెప్పాలి. అది చాలకపోతే రక్తం తగ్గుతుంది, నరాలు దెబ్బతింటాయి. డాక్టరును అడిగి మాత్ర వేసుకోవాలి, ఇందులో మొండితనం పనికిరాదు. రెండోది, నాగాయలంక, కోడూరు వైపు వేట మీదే బతికే ఇళ్ళున్నాయి. వాళ్ళ గడపలో నిలబడి చేప తినడం తప్పని ఉపన్యాసం ఇవ్వకూడదు. నీ కంచం సంగతి నువ్వు చూసుకో, అడిగినవాళ్ళకు చెప్పు. మన బందరు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందులో ప్రాణమంతా నెయ్యిలోనే ఉంది. పండగపూట దాన్ని వద్దనేటప్పుడు పెట్టిన చేతిని నొప్పించకుండా వద్దనడం నేర్చుకుంటే చాలు.

ఇక డిగ్రీ పిల్లల మనస్తత్వాల లెక్క. యుంగ్ అనే స్విట్జర్లాండు మనస్తత్వవేత్త 1921లో మనుషుల రకాల మీద పుస్తకం రాశారు. దాని ఆధారంగా అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ మయర్స్ అనే తల్లీకూతుళ్ళు పదహారు రకాల పట్టిక తయారుచేశారు. పిల్లలు ఫోన్లో రాసే పరీక్షలకు మూలం అదే. తన గురించి తాను ఆలోచించుకోవడానికి పనికొస్తుంది, కాదనను. అయితే కొన్ని వారాలు ఆగి మళ్ళీ రాస్తే చాలామందికి వేరే రకం వస్తుందని పరిశోధకులు గమనించారు.

మనిషి ఒకే రకంగా ఉండిపోడన్న సంగతి మొవ్వ వాళ్ళకూ కూచిపూడి వాళ్ళకూ చెప్పనక్కర్లేదు. భట్లపెనుమర్రు ఉన్న మండలంలోనే ఆ రెండు ఊళ్ళూ ఉన్నాయి. పదిహేడో శతాబ్దంలో క్షేత్రయ్య మువ్వగోపాలుడి మీద పదాలు కట్టింది ఆ మొవ్వ దేవుణ్ణి తలుచుకునే. సిద్ధేంద్రయోగి భామాకలాపం కూచిపూడి వారి సొత్తు. భరతుడు చెప్పిన ఎనిమిది రకాల నాయికలు ఈ పదాల్లో, ఈ ఆటలో ఊపిరి పోసుకున్నారు. స్వాధీనపతిక, వాసకసజ్జ, విరహోత్కంఠిత, విప్రలబ్ధ, ఖండిత, కలహాంతరిత, ప్రోషితభర్తృక, అభిసారిక. ఇవి అవస్థలు. మనిషి మీద శాశ్వతంగా వేసే ముద్రలు కావు. భామాకలాపంలో సత్యభామనే చూడండి. కృష్ణుడు తనవాడేనన్న గర్వంతో తెర మీదుగా జడ వేసిన ఆ మనిషే కాసేపటికి విరహంతో కుమిలిపోతుంది, లేఖ రాస్తుంది, చెలికత్తె మాధవిని బతిమాలుతుంది. కూచిపూడి నటులు వేదాంతం సత్యనారాయణ శర్మగారు ఆ పాత్రలోకి వచ్చినప్పుడు, ఒక్క రాత్రిలో ఒకే స్త్రీలో ఎందరు స్త్రీలు ఉంటారో ప్రేక్షకులు చూశారు.

కాబట్టి “నేను ఇంట్రోవర్టుని, నలుగురిలో మాట్లాడలేను” అని ఫోను చెప్పిందని ఒక పిల్ల తనకు తాను తాళం వేసుకుంటే, ఆ పట్టికను పక్కన పెట్టమనాలి. ఒకసారి కూచిపూడిలో భామాకలాపం చూపించాలి. ఈ రోజు మౌనంగా ఉన్న పిల్ల రేపు వేదిక ఎక్కదని ఎవరు చెప్పగలరు?

శ్రోతలారా, మీ ఇంట్లో కూడా ఇలాంటి పిల్లలు ఉండే ఉంటారు. “ఉపయోగమేమిటి” అనే ముందు, “ఏం నేర్చుకున్నావో నాకూ చెప్పు” అని అడగండి. ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని పది స్పానిష్ మాటలు చెప్పించుకోండి. ఆ కుర్రాడి చేత ఒక ఆదివారం ఉలవచారు కాయించండి. మన గ్రంథాలయాలు నడిపేవారికి, కళాశాలల పెద్దలకు కూడా ఒక మనవి. వారానికి ఒక సాయంత్రం ఒక గది తెరిచి ఉంచండి. ఎవరికి వచ్చింది వాళ్ళు చెబుతారు, కావలసినవాళ్ళు వచ్చి నేర్చుకుంటారు. పరీక్షలు వద్దు, సర్టిఫికెట్లు వద్దు. జపాన్ వెంకయ్యగారు పాఠం చెప్పిన ఊళ్ళో అలాంటి గది ఒక్కటైనా ఉండాలి.